అక్క రీల్లో అమ్మ

అశ్విని కార్తె, చివరి రోజు

బాజీ బాబాయి ఇవాళ పొద్దున బండెక్కి వెళ్లిపోయాడు. చెడిపోయిన ఫిల్ము కాల్చీ కాల్చీ ఆయన ఛాతీ పాడైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొండమీద కూతురింట్లో అయితే గాలి చల్లగా ఉంటుందని అందరం కలిసి ఒప్పించి పంపించాం. వెళ్లేముందు రీళ్ల గది తాళాలూ, దాని దినచర్య పుస్తకమూ నా చేతిలో పెట్టాడు.

"రోజూ రాయి అనసూయా. ఎవరూ చదవరు. అయినా రాయి. రాస్తే చూసింది గుర్తుంటుంది."

ఎవరూ చదవరన్నాడు కాబట్టి గది సంగతులతో పాటు నా సంగతులూ రాసుకుంటాను.

ఇవాళ సొరంగం గోడలకు నీళ్లు కొట్టాను. గోనె తెరలు తడిపాను. గాలి గొట్టంలో పావురం గూడు పెడితే తీసేశాను. తూర్పు అరలో డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూశాను. అన్నిటికీ కర్పూరం వాసనే.

మాకు కావలసింది ఆ వాసనే. మా ఫిల్ము పత్తిని యాసిడ్‌లో ఊరబెట్టి, కర్పూరం కలిపి చేసింది. ప్రపంచంలో తెరలన్నీ ఆరిపోయి, జనం వాటిలో దాచుకున్న బొమ్మలన్నీ గాలికి పోయాక, మనిషి కదిలే బొమ్మ కావాలంటే మళ్లీ ఈ పాత పద్ధతే దిక్కయింది. మా తెల్లగుట్ట చుట్టూ పత్తికి కొదవ లేదు. అందుకే ఇక్కడ ఫిల్ము మిల్లు పెట్టారు. అమ్మ ఆ మిల్లులోనే పనిచేసింది. మిల్లు మూతపడి చాలాకాలమైంది గానీ, అది చేసిన రీళ్లు ఈ సున్నపురాయి క్వారీ సొరంగం చివర అరల్లో ఉన్నాయి. ఊళ్లో ప్రతి ఇంటి చచ్చిపోయినవాళ్లూ ఇక్కడే ఉన్నారు.

ఎవరి చుట్టాల డబ్బా వాళ్లు తనిఖీ చెయ్యకూడదని బాబాయి పెట్టిన కట్టడి. మనసు అడ్డొస్తుందనేవాడు. నా డబ్బా, అక్క దమయంతి డబ్బా ఆయనే చూసేవాడు. ఇకమీదట అక్క డబ్బా నా బల్లమీదికే వస్తుంది. నాది రాదు. నాది నిరుడు చెడిపోయింది. బాబాయి వాగు ఇసుకలో కాల్చాడు. గాలి వచ్చే వైపు నిలబడి చూశాను. చుట్ట విప్పి పొడుగ్గా పరిచిన ఫిల్ము పామల్లే పరుగెత్తి కాలింది. ఊపిరి తీసి వదిలేలోపు అమ్మ లేదు.

భరణి కార్తె, అయిదో రోజు

అక్క డబ్బా ఇవాళ మొదటిసారి ముట్టుకున్నాను. మూత తియ్యగానే కర్పూరం. పెళ్లిలో హారతి పళ్లెంలాగా. అంచులు మెత్తగా, చక్కగా ఉన్నాయి. జిగురు లేదు. మేం అంచులే చూడాలి, బొమ్మలు చూడకూడదు. పైన చుట్టిన ఖాళీ ఫిల్ము దాటి ఒక్క చుట్ట కూడా విప్పలేదు. మూత పెట్టేశాను. మూతకున్న చిల్లుల మీద దుమ్ము ఊదాను. ఈ ఫిల్ము ఊపిరి తియ్యాలి, బిగించి పెడితే తన విషం తనకే ఎక్కుతుంది.

నాకు ఏడుపొచ్చింది. ఒకే రోజు, ఒకే కెమెరా, ఒకే పత్తి. నాది ఎందుకు పోయింది? దానిది ఎందుకు నిలిచింది?

మిల్లువాళ్లు ఒక ఏడాది కూలివాళ్లకు తలా రెండు రీళ్లు తీసిచ్చారట. అమ్మ పిల్లకొకటని తీయించింది. అక్కకు ఆరేళ్లు, నాకు మూడు. ఆ వానాకాలమే అమ్మ జ్వరంతో పోయింది. అక్కను నాయనమ్మ తీసుకెళ్లింది, నన్ను అమ్మమ్మ. రెండు ఊళ్లు, రెండు డబ్బాలు. పెద్దయ్యాక ఇద్దరం మళ్లీ తెల్లగుట్ట చేరాం. అప్పటికి ఎవరి అమ్మ వాళ్లదైపోయింది.

నా రీల్లో అమ్మ నవ్వదు. గడప మీద నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని, ఏదో తప్పు చేసినదానిలా కెమెరాకేసి చూస్తూ ఉంటుంది. అంతే. అక్క రీల్లో అమ్మ నవ్వుతుంది. అక్క ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో! "ఒళ్లంతా కదిలేట్టు నవ్వుతుందే. నాకు జడ వేస్తూ నవ్వుతుంది." చిన్నప్పుడు ఆ మాట విన్న రోజు అన్నం తినలేదని అమ్మమ్మ చెప్పేది. నా రీలు అక్కకు ఎప్పుడూ చూపించలేదు. చూపించడానికి ఏముంది? దానికి నవ్వే అమ్మ ఉంటే, ఈ దిగులు మొహం అమ్మ ఎందుకు?

మధ్యాహ్నం అక్క వచ్చింది. నెలకోసారి వస్తుంది. దాని మెస్సులో పొద్దుటి పని ముగించుకుని, తలంటి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని మరీ వస్తుంది. చూసే గదిలో అద్దంతో ఎండను తిప్పి ఫిల్ము మీదికి పంపిస్తాం. ఎవరో ఒకరు చేత్తో మర తిప్పుతూ ఉండాలి. ఆగితే ఆగినచోట అంటుకుంటుంది. అందుకే సొంతదారు చేతికి ఇవ్వం, బాబాయే తిప్పేవాడు.

"బాబాయి లేడుగా. నేను తిప్పుతాను, రా" అన్నాను.

అక్క గుమ్మంలోనే ఆగింది. "నువ్వొద్దులే."

"ఎందుకొద్దు? నాకు చాతకాదా?"

"చాతకాక కాదు. వద్దంటే వద్దు" అని వెళ్లిపోయింది.

నవ్వే అమ్మను నేను ఒక్కసారి కూడా చూడకూడదన్నమాట. అంత పిసినారితనం.

కృత్తిక కార్తె, రెండో రోజు

వాగు ఎండింది. సొరంగం పైకప్పు నుంచి కారే ఊట దారంలా సన్నబడింది. అరచెయ్యి గోడకు ఆనిస్తే పోయిన వారం లేని వెచ్చదనం తగులుతోంది.

అక్క డబ్బా మూత తీశాను. కర్పూరం ఉంది. దాని అడుగున ఇంకో వాసన ఉంది. తడి గోనెలో మాగిన చెమటలాంటిది. ముక్కులో గీరుకుంటూ పోయేది. అంచు నొక్కితే వేలికి జిగురు అంటింది. బయటి చుట్టలు గోధుమరంగుకు తిరిగాయి.

నాకు సంతోషం కలిగింది.

రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు? సంతోషమే కలిగింది. ఇప్పుడు దానికీ లేదు, నాకూ లేదు అనుకున్నాను. మూత పెట్టి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

కృత్తిక కార్తె, పదో రోజు

ఇన్నాళ్లూ అక్కకు చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం జాలి కాదు. నా ముక్కుమీద నాకే నమ్మకం పోయింది. రోజూ మూత తీసి చూస్తున్నాను. ఇది నిజంగా కుళ్లు వాసనా, నేను కోరుకుంటున్న వాసనా? ఇంకొకరి డబ్బా అయితే మొదటిరోజే తీసి బయటి జబ్బు అరలో పెట్టి కబురు పంపేదాన్ని. ఇది అక్కది కాబట్టి, కుళ్లుబోతుదాన్ని అనిపించుకోకూడదని, న్యాయంగా ఉండాలని, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ వచ్చాను.

ఇవాళ మూత తీస్తే పైచుట్ట మీద తేనె బుడగల్లాంటి నురగ.

ఫిల్ము చావు మెట్లు మెట్లుగా వస్తుంది. రంగు మారుతుంది, జిగురవుతుంది, నురగ కడుతుంది, గడ్డ కడుతుంది, చివరికి పొడి అవుతుంది. జిగురప్పుడు చెబితే ముప్పాతిక రీలు మిగిలేది. నురగ వచ్చాక అగ్గిపుల్ల అక్కర్లేదు, ఎండ వేడి చాలు. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇసుక పోసినా ఆరదు. దాని గాలి అదే పుట్టించుకుంటుంది. పసుపుపచ్చ పొగ పీల్చినవాడు ఆ పూట బాగానే ఉంటాడు, మర్నాడు ఊపిరి అందక పోతాడు. పక్క డబ్బాల్లోకి ఆ ఆవిరి పోతే అవీ చెడతాయి.

డబ్బాను జబ్బు అరలోకి మార్చి, తడిగోనె కప్పి, మెస్సుకు వెళ్లాను. అక్క రుబ్బురోలు దగ్గర ఉంది.

"అక్కా, నీ డబ్బా చెడింది. పైభాగం తీసెయ్యాలి. లోపలిది బాగుంటే నీలి కాగితం మీద బొమ్మలు దించిస్తాను. మిగతాది కాల్చాలి. రోహిణి రాకముందే."

అక్క పిండిచేతులతో లేచింది. "ఎప్పుడు చెడింది?"

"ఈ మధ్యే."

"బాబాయి ఉన్నన్నాళ్లూ చెడలేదు. నీ చేతికి రాగానే చెడిందా?"

"ఎండలు చూస్తున్నావుగా..."

"నీది పోయింది. ఇప్పుడు నాది కూడా తగలబెడితేగాని నీకు నిద్ర పట్టదు." గొంతు పెంచలేదు. తినేవాళ్లు వింటారని మెల్లగా అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది. "నీకు అనసూయ అని పేరు పెట్టింది చూడు అమ్మ. పిచ్చిది."

వెనక్కి తిరిగి వచ్చేశాను. అది అన్న మాటలో అబద్ధం లేదు, డబ్బా చెడిందన్న నా మాటలోనూ అబద్ధం లేదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

అక్క డబ్బా పోయింది. కాల్చడానికి అక్క ఒప్పుకోక జబ్బు అరలోనే ఉంచాను.

పొద్దున నేను వెనక బావికి నీళ్లకు వెళ్లినప్పుడు అక్క వచ్చింది. సొరంగం బయట బట్టలు ఆరేస్తున్న ఆమె చూసిందట. "మీ అక్క కొంగుచాటున ఏదో పట్టుకుపోయిందమ్మా" అని చెప్పింది.

ఇవాళ్టి నుంచి ఊరంతా పగలు సొరంగంలోనే. రోహిణిలో రోళ్లు పగులుతాయని పాతకాలంలో అనేవాళ్లట, ఇప్పుడు మనుషులే పగులుతున్నారు. తెల్లారేసరికి చాపలు, కుండలు, పసిపిల్లలతో జనం లోపలికి వచ్చేస్తారు, పొద్దు వాలాక బయటికి పోతారు. అక్క మెస్సు కూడా లోపలికే వస్తుంది. సొరంగం మలుపులో పొగ గొట్టం కింద రెండు పొయ్యిలు.

అక్క ఇంటికి పరుగెత్తాను. ఇల్లు తాళం. కిటికీలోంచి వాసన చూశాను. ఏమీ లేదు. మెస్సుకు వెళ్లి అడిగాను.

"ఏ డబ్బా?" అంది.

"అక్కా, ఆటలొద్దు. అది పేలితే నువ్వొక్కదానివే పోవు."

"నీ జబ్బు అర చూసుకో పో. అక్కడే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు." అట్లు తిరగేస్తూ నా మొహం చూడకుండా అంది.

పెద్దలతో చెబితే పదిమంది వచ్చి అక్క సామాను చిందరవందర చేస్తారు. ఆ కుదుపు చాలు అంటుకోవడానికి. పైగా ఊరందరిముందు దాన్ని దొంగను చేసినదాన్నవుతాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పో ఒప్పో ఇప్పటికీ తేలడం లేదు.

రోహిణి కార్తె, మూడో రోజు

ఇవాళ మధ్యాహ్నం మెస్సులో అన్నానికి కూచున్నాను. రెండురోజులుగా వాసన పట్టడానికే అక్కడ తింటున్నాను. అక్క నాకు వడ్డించదు, వేరేవాళ్లచేత వేయిస్తుంది.

గోంగూర కలుపుకుంటుంటే తగిలింది. పోపు వాసన కింద, చెమట వాసన కింద. గీరుకుంటూ పోయేది. చెయ్యి ఆపి తల తిప్పాను. పొయ్యిల పక్కన రాతి గూట్లో పచ్చళ్ల జాడీలు. జాడీల వెనక ఒక స్టీలు క్యాను. పాలవాళ్లది, బిగుతు మూతది. మూత చుట్టూ గోధుమపిండి మెత్తారు.

వాసన బయటికి రాకూడదని అక్క రీలును అందులో పెట్టి అలా చేసింది. పిండితో మూసి, పొయ్యి పక్కన పెట్టింది. మనుషుల్ని చంపాలనుకున్నవాడు కూడా అంతకంటే బాగా పెట్టలేడు.

ఎడంగా గోడవారన చాపల మీద యాభై అరవై మంది పడుకుని ఉన్నారు.

లేచి అక్క దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. "అక్కా, అరవకు. పొయ్యిలు ఆర్పు. నీళ్లు పొయ్యకు, ఆవిరొస్తుంది, కట్టెలు బయటికి లాగు. ఆ క్యాను ఎవరూ ముట్టుకోవద్దు."

అక్క నా కళ్లలోకి చూసింది. ఈసారి వాదించలేదు. నా మొహంలో ఏం కనిపించిందో తెలీదు, దాని మొహం మాత్రం పాలిపోయింది.

"పొగ గొట్టం విరిగేట్టుంది, అందరూ లోపలి గదుల్లోకి పదండి" అని కేకేసింది. మెస్సు నడిపే మనిషి గొంతు కదా, జనం గొణుక్కుంటూనే లేచారు. పసిపిల్లల్ని ఎత్తుకుని, చాపలు చుట్టుకుని, మలుపు దాటి వెళ్లిపోయారు.

అంట్లు తోమే రాతితొట్టి నిండా చల్లటి నీళ్లున్నాయి. నేను క్యానును రెండు చేతులతో ఎత్తాను. స్టీలు వేడిగా ఉంది. ఊపకుండా, పక్కకు వంచకుండా, నిండుకుండను మోసినట్టు మోశాను. తొట్టి దగ్గరికి కాస్త దూరమే, అయినా నా ఒంట్లో తడి అంతా ఆరిపోయింది. మెల్లగా నీళ్లలోకి దించాను. నీళ్లకింద పిండిని గోటితో గీకాను. బుస్సుమని బుడగలు వచ్చాయి. చాలాసేపు వచ్చాయి. కాస్త పసుపు రంగు. మొహాలకు తడిగుడ్డలు కట్టుకుని ఇద్దరం వెనక్కి జరిగాం.

"సాయంత్రానికి పేలేదా?" అంది అక్క.

"సాయంత్రం దాకా కూడా ఆగేది కాదు."

అక్క గోడకు ఆనుకుని కూలబడింది. "నువ్వు అసూయతో అంటున్నావనుకున్నాను."

"అసూయ ఉంది. డబ్బా చెడిపోయింది కూడా నిజమే" అన్నాను.

రోహిణి కార్తె, నాలుగో రోజు

ఇంకా ఎండ రాకముందే క్యానును నీళ్లతో సహా తోపుడుబండి మీద పెట్టుకుని వాగుకు వెళ్లాం. అక్క ఒకవైపు, నేను ఒకవైపు. ఇద్దరం ఇంత దూరం కలిసి నడవడం ఎన్నేళ్లకో.

ఎండుగడ్డి లేని చోట చూసి ఇసుకలో గుంట తీశాను. ఫిల్మును డబ్బాలో ఉంచి కాల్చకూడదు, బాంబులా లేస్తుంది. చుట్టలు విప్పి, కొంచెం కొంచెంగా, వదులుగా పరిచి కాల్చాలి. గాలి వచ్చే వైపు నిలబడి, పొడుగాటి గడతో అంటించాలి. ఇదంతా చెబుతుంటే అక్క బుద్ధిగా తలాడించింది.

నీళ్లలోనే చుట్టను విడదీశాను. బయటి సగం గడ్డకట్టింది. తేనెపట్టు కాలి నల్లబడినట్టుంది. దాన్ని ఊడదీసి గుంటలో పెట్టి, కాల్చేదాకా తడి ఉండాలని తడిగోనె కప్పాను. లోపలి సగం బాగుంది. బాబాయి ఎప్పుడూ రీలు తిరగచుట్టకుండా, చివర బయటికి ఉండేట్టు దాచేవాడు. కాబట్టి మిగిలింది మొదటి సగం.

తెల్లవారింది. ఆకాశం వెలుతురుకు ఎదురుగా ఫిల్ము ఎత్తి పట్టుకున్నాను. అక్క వద్దనలేదు. తల పక్కకు తిప్పుకుంది.

చిన్న చిన్న బొమ్మల్లో ఆరేళ్ల పిల్ల పీట మీద కూచుని ఉంది. పళ్లు ఊడిన నోటితో నవ్వుతోంది. వెనక చీర కుచ్చెళ్లు. రెండు చేతులు పిల్ల జుట్టును మూడు పాయలు తీస్తున్నాయి. భుజాలు ఉన్నాయి. మెడ దగ్గర బొమ్మ ఆగిపోయింది. చేతికందినంత ఫిల్మూ చూశాను. ప్రతి బొమ్మా మెడ దగ్గరే ఆగింది. కెమెరావాడు పిల్లను చూసుకున్నాడు గానీ తల్లిని చూసుకోలేదు.

"మొహం ఏదక్కా?"

అక్క కొంగు సర్దుకుంది.

"నవ్వుతుందన్నావు కదా?"

"నవ్వుతోంది. భుజాలు చూడు. ఆ ఊపు చూడు. నవ్వకుండా ఎవరి భుజాలైనా అలా ఊగుతాయా?" అంది. అప్పుడు ఇటు తిరిగింది. "రీలు ఆడుతుంటే తెలుస్తుంది. ఇలా చూస్తే తెలీదు."

అందుకన్నమాట నన్ను మర తిప్పొద్దంది.

నా కడుపులో మళ్లీ ఆ పాడు సంతోషం లేచింది. ముప్పై ఏళ్లు నేను ఏ అమ్మ కోసం కుళ్లుకున్నానో ఆ అమ్మకు తలే లేదు.

"నీ దాంట్లో మొహం ఉంది" అంది అక్క, వాగు కేసి చూస్తూ. "బాబాయి ఒకసారి నోరుజారి చెప్పాడు. మొత్తం మొహం, కెమెరాకేసే చూస్తుంటుంది అని. నువ్వు ఒక్కసారి పిలుస్తావేమో అని చూశాను. ప్రతి పండక్కీ అనుకునేదాన్ని, ఈసారి పిలుస్తుంది అని. నిరుడు కాల్చేశారని మెస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఆ రోజు నేను నీమీద పడ్డ కుళ్లు... నువ్వు నామీద పడ్డది దాని ముందు ఎంత?"

చేతిలో పనుంది కదా, అదే చేశాను. బొమ్మలు కత్తిరించి, ఎండకు నీలం తిరిగే మందు పూసిన నీలి కాగితం మీద పరిచి, పైన గాజుపలక పెట్టి ఎండకు పెట్టాను. పొద్దు ఎక్కే కొద్దీ కాగితం నీలం తిరిగింది. ఇలా దించితే నలుపూ తెలుపూ తారుమారవుతాయి. ఆరేళ్ల అక్క జుట్టు ముసలిదాని జుట్టులా తెల్లగా పడింది. దాన్ని అల్లుతున్న చేతులు ముదురు నీలం.

ఆ పనిలో పడి ఎండ ఎంత ఎక్కిందో చూసుకోలేదు. తల ఎత్తేసరికి అక్క గుంట దగ్గరుంది. గోనె తీసేసి వంగుతోంది.

"ఏం చేస్తున్నావ్? ఇటు రా!"

"చివర్లో అమ్మ వంగుతుందే అనసూయా. రిబ్బను నోట్లో పట్టుకుని వంగుతుంది. మూడు నాలుగు బొమ్మల్లో మసగ్గా మొహం వస్తుంది. అవి ఇందులోనే ఉన్నాయి. కాస్త విడదీస్తే..."

గోనె అప్పటికే ఎండిపోయింది. గడ్డ మీద నుంచి సన్నగా ఆవిరి లేవడం నాకు కనిపించింది. పరుగెత్తాను. అక్క వెనక నుంచి చేతికి దొరికింది జడే, దాన్నే పట్టుకుని ఈడ్చాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. గుంటలోంచి మంట బుస్సున మనిషెత్తు లేచింది. నిప్పు ఎవరూ పెట్టలేదు. పసుపు పొగ మా మీదికి తిరిగితే ఇసుకలో పాకి, లేచి, గాలికి ఎదురుగా గట్టెక్కే దాకా ఊపిరి బిగబట్టి ఉరికాం.

వెనక్కి చూసేసరికి గుంటలో ఏమీ మిగల్లేదు. నల్ల మరక మిగిలింది.

అక్క చెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. అది ఏడ్చింది చేతికి కాదు. నేనూ పక్కనే కూచున్నాను. పొగ తగ్గాక మిగిలిన మంచి ఫిల్ము కూడా పొడుగ్గా పరిచి, అక్క చూస్తుండగానే గడతో అంటించాను. ఆవిరి తగిలిన రీలు మళ్లీ అరల్లోకి పోకూడదు. అక్క అడ్డం చెప్పలేదు.

బండి తోసుకుంటూ వస్తుంటే అడిగింది. "అమ్మ మొహం ఎలా ఉంటుందే?"

రోహిణి కార్తె, ఆరో రోజు

ఇద్దరికీ ఊపిరి బాగానే ఉంది. దగ్గు లేదు. అక్క చేతికి కలబంద రాస్తున్నాను. మెస్సులో నిన్నటి నుంచి వంటా వార్పూ నేనే.

ఆ రోజు అక్క అడిగినదానికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇక్కడ రాయాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్క దగ్గర లేనిది నా దగ్గర ఉంది. నిరుడు కాలిపోయినా నా కళ్లలో ఉంది. ఆ చూపు, ఆ బెదురు, పైపెదవి మీద చెమట. అది చెబితే అక్కకూ వస్తుంది. అప్పుడు నాకంటూ ఏం మిగులుతుంది?

జనానికి రీళ్లు చెడినప్పుడు ఎన్ని ధైర్యాలు చెప్పానో. పంచుకోండి, చెప్పుకోండి, మాటల్లో నిలుస్తారు అనేదాన్ని. నా దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలు ఒక్కటీ పనిచెయ్యలేదు. అక్క కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని మందు రాస్తూ కూడా, ఇవ్వను, నాది, అని లోపల ఎవరో గింజుకుంటున్నారు.

చివరికి కట్టు కడుతూ, "నుదురు చిన్నది" అన్నాను.

"ఎంత?"

"రెండు వేళ్లంత. జుట్టు కిందికి దిగి ఉంటుంది. పాపిట దగ్గర సుడి."

అక్క తన నుదుటి మీద రెండు వేళ్లు పెట్టుకుని చూసుకుంది. "ఇంకా?"

"ఇంకా తర్వాత చెబుతాను."

కోప్పడుతుందనుకున్నాను. నవ్వేసింది. "నీకు ఇవ్వబుద్ధి కావట్లేదు కదూ?"

"లేదు" అన్నాను.

"నాకూ ఇవ్వబుద్ధి అయ్యేది కాదులే, మెడ కింద భాగమైనా సరే" అంది.

మృగశిర కార్తె, మొదటి రోజు

పొద్దున నాలుగు చినుకులు పడ్డాయి. సొరంగంలోంచి జనం బయటికి వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. పైకప్పు ఊట సాయంత్రానికి కాస్త పెరిగింది. పడమటి అరలో రెండు డబ్బాలకు జిగురు కనిపించింది. రెండిళ్లకూ ఇవాళే కబురు పంపాను. ఒక్కరోజు కూడా ఆపలేదు.

పని ముగించి గది తలుపు తీసేసరికే అక్క మెట్టుమీద కూచుని ఉంది. మృగశిర కదా, చేపల పులుసు గిన్నె ఒళ్లో ఉంది. కట్టు ఉన్న చేత్తో గిన్నె మీద ఆకు పట్టుకుంది. నన్ను చూడగానే జరిగి పక్కన చోటిచ్చింది.

కూచున్నాను. పులుసు గిన్నె నా చేతికి ఇచ్చి, కొంగుతో మెట్టు తుడిచి, రీలు చూడ్డానికి వచ్చినదానిలా కుదురుగా సర్దుకుంది.

"ఇవాళ ముక్కు చెప్పు" అంది.

లోపల గింజులాట ఉంది, తగ్గలేదు. ఆకు తీసి చేప ముక్క ఒకటి తిన్నాను. బాగుంది.

"సన్నంది. చివర కాస్త పక్కకు తిరిగుంటుంది."

"ఏ పక్కకి?" అంది అక్క, ఇంకొంచెం దగ్గరికి జరిగి.